కొత్తపల్లి కొబ్బరి కోసం ఒక సాయంత్రం: తల్లిదండ్రులకు ఆగస్టు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

గత శుక్రవారం ఎనిమిదో తరగతి పిల్లలు బాగా ఆలస్యంగా ఇళ్లకు చేరారు, అదీ చొక్కాల నిండా మామిడి సొన మరకలతో. "చదువు మాన్పించి తోట పని చేయిస్తున్నారా?" అని వాట్సాప్ గ్రూపుల్లో అప్పట్నుంచీ ఒకటే చర్చ. దానికి జవాబు నేనే చెప్పాలి.

ఊరి చివర తోటలో ఒక ముసలి కొత్తపల్లి కొబ్బరి చెట్టు ఉంది; పేరులో కొబ్బరి ఉన్నా అది మామిడి రకమే. ఇళ్ల స్థలాల కోసం ఆ తోట కొట్టేస్తున్నారు. గోదావరి జిల్లాల్లో ఆవకాయ పెట్టేవాళ్లకి ఆ కాయ గొప్ప నేను చెప్పక్కర్లేదు. టెంక నాటితే అదే కాయ వస్తుందన్న నమ్మకం లేదు, అంటు కట్టాల్సిందే. రైతుగారి అనుమతితో పిల్లలు పది రోజుల ముందే వెళ్లి, కొమ్మల చివర ఆకులు కత్తిరించి తొడిమలు మాత్రం ఉంచారు. ఆ తొడిమలు రాలి మొగ్గ ఉబ్బగానే అంటు కట్టడానికి ఆ కొమ్మల చివర పుల్లలు కోయాలి. శనివారం పొక్లెయిన్ వస్తుందని తెలిసింది, అందుకే శుక్రవారం ఆలస్యమైనా ఆగకుండా కోశాం.

జూన్‌లో సంచుల్లో పెట్టిన టెంకలు రాగిరంగు ఆకులతో మొలిచి సిద్ధంగా ఉన్నాయి. లేత కాండాన్ని నడిమికి చీల్చి, చెక్కిన పుల్లను అందులో దింపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించాలి. ఒక అమ్మాయి చేతి నేర్పు చూసి నర్సరీ పెద్దాయన తన కత్తే ఆమెకిచ్చి పక్కన నిలబడ్డారు. లెక్కల్లో వెనకబడ్డాడని ప్రతి మీటింగులోనూ మనం చెప్పుకునే అబ్బాయి ప్రతి సంచికీ రకం పేరు, తేదీ, కట్టినవారి పేరు రాసి చీటీ కట్టాడు. ఒక్కటీ తప్పలేదు! మూడు నాలుగు వారాల్లో చిగురేస్తే అంటు పట్టినట్టే.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాన్ని కాపాడేవాళ్లున్నారు. మన పెరళ్లలోని పునాస మామిడికి, వెలగకి, నాటు రేగుకి ఎవరున్నారు? లారీలో దూరం వెళ్లలేని పండుని మార్కెట్ అడగదు. టెంకతో మొలిచిన ఏ మామిడి రుచి దానిదే. ఆ చెట్టు కొట్టేస్తే ఆ రుచి ఇంకెక్కడా దొరకదు. ఆకులు రాలి చెత్తవుతోందని జామచెట్టు కొట్టించి టైల్స్ వేయించినవారు మనలోనే ఉన్నారు, దయచేసి మిగిలినవైనా ఉంచండి.

లంచ్ బాక్సుల్లో స్టిక్కర్ యాపిల్, జ్యూస్ ప్యాకెట్లే కనిపిస్తున్నాయి. మీ ప్రేమను కాదనను. కానీ గింజలు తీసుకోవడం రాదని అయిదో తరగతి పిల్లలకు సీతాఫలం పెట్టకపోవడం ఏం బాగుంటుంది? ఈ సీజన్‌లో ఇంట్లోనే అలవాటు చేయండి.

యూనిట్ టెస్ట్ టైమ్‌టేబుల్ డైరీలో అతికించాం, బస్సు ఫీజు పదో తేదీలోపు కట్టండి, ఆగస్టు 15న పిల్లలు ఉదయం 7.30కే తెల్ల యూనిఫాంలో రావాలి.

మీ అమ్మమ్మగారి ఊళ్లో పాత పండ్ల చెట్టు ఏదైనా ఉంటే, అదెక్కడుందో, ఏ నెలలో కాస్తుందో, ఊరగాయకో తినడానికో పిల్లల చేతే రాయించి పంపండి. అంటు పుల్లలకు వానాకాలమే అదను కాబట్టి ఈ నెలలోనే అందితే మేలు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు