బేగంపేటలో విమానం కట్టుకునే షెడ్డు ఒకటి కావాలి

సంపాదకుడి గారికి నమస్కారం.

రెండేళ్లకోసారి బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు మా విద్యార్థులను తీసుకెళ్తుంటాను. పెద్ద విమానాల ముందు ఫొటోలు దిగి, బ్రోషర్లు పట్టుకొని బస్సెక్కుతారు. నాలుగేళ్లు ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివి బయటికెళ్లే వీళ్లలో చాలామంది ఒక్క రెక్కకైనా రివెట్ (లోహపు రేకుల్ని కలిపే మేకు) కొట్టి ఉండరు. అది వాళ్ల తప్పు కాదు, కొట్టడానికి చోటు లేదు.

అమెరికాలో ఆ చోటును క్లబ్బులు కల్పించాయి. 1953లో మిల్వాకీ దగ్గర పాల్ పొబెరెజ్నీ అనే పైలట్, సొంతంగా విమానాలు కట్టుకునే కొద్దిమందిని కూడగట్టి ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ మొదలుపెట్టారు. ఇప్పుడు దానికి వందల శాఖలున్నాయి. చిన్న ఊరి ఎయిర్‌స్ట్రిప్ పక్కన ఒక హ్యాంగర్ (విమానాల షెడ్డు), అందులో సగం కట్టిన విమానం, సెలవు రోజున పని చేయడానికి వచ్చే సభ్యులు: చాలా శాఖల తీరు ఇదే. అల్యూమినియం రేకుకు డ్రిల్ వేయడం, రంధ్రం అంచున మిగిలిన గరుకును గీకడం, రేకుల్ని క్లీకోలనే చిన్న క్లిప్పులతో తాత్కాలికంగా పట్టించి ఆ తర్వాత రివెట్ కొట్టడం, ఇవన్నీ కొత్తవాళ్లకు పాతవాళ్లు పక్కనే నిలబడి నేర్పుతారు. రెక్కను మూసేసే ముందు అనుభవజ్ఞుడైన సభ్యుడు వచ్చి లోపలి పనంతా చూస్తాడు. మూశాక తప్పు కనబడదు కదా. 2014లో ఆష్‌కాష్ అనే ఊళ్లో జరిగిన ఈ సంఘం వార్షిక మేళాలో ఒక్క వారంలోనే రెండు సీట్ల జెనిత్ విమానాన్ని కట్టేశారు. చూడ్డానికొచ్చిన మామూలు జనం చేత కూడా రివెట్లు వేయించారు! ఇదే సంఘం 1992 నుంచి 8 నుంచి 17 ఏళ్ల పిల్లలను ఉచితంగా ఆకాశంలో తిప్పుతోంది. 2016 నాటికే వాళ్ల సంఖ్య 20 లక్షలకు చేరింది.

సొంతంగా కట్టిన విమానం ప్రమాదం కాదా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఫ్యాక్టరీలో తయారైన చిన్న విమానాల కన్నా వీటికి ప్రమాదాలు ఎక్కువని, అందులోనూ తొలి గంటల్లో ఎక్కువని అక్కడి రవాణా భద్రతా బోర్డు 2012లో అధ్యయనం చేసి చెప్పింది. అందుకే తనిఖీ లేనిదే ఎగరనివ్వరు. ఎగిరినా మొదటి గంటలన్నీ నిర్ణీత ప్రాంతంలోనే, ప్రయాణికులు లేకుండా పరీక్షించాలి. ఇంత జాగ్రత్త అవసరమైన పనిని ఒంటరిగా చేయడం కన్నా పదిమంది కళ్ల ముందు చేయడమే మేలని నా నమ్మకం.

మన దేశంలో ఒంటరిగా చేసినవాళ్ల కష్టం చూశాం. ముంబైలో అమోల్ యాదవ్ ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. ఏళ్ల తరబడి తిరిగితే 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగిరే అనుమతి దొరికాయి. ఇంత టెన్షన్ పడటానికి ఎంతమంది విద్యార్థులు ముందుకొస్తారు?

2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక బేగంపేటకు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అక్కడ ఒక హ్యాంగర్‌లో ఒక మూల రాష్ట్ర ప్రభుత్వం ఇప్పించగలిగితే చాలు. మొదట ఎగరాల్సిన పనే లేదు, ఒక కిట్ (విమానం విడిభాగాల సెట్టు) తెచ్చి తోక, రెక్క కట్టడం నేర్పితే చాలు. ఔత్సాహికులు కట్టే విమానాలకు ఏ దశలో ఏ తనిఖీ ఉంటుందో, ఎవరి సంతకం కావాలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తేలిక మాటల్లో ఒకచోట ప్రకటించాలి. నేర్పేవాళ్లకు కొదవ లేదు. అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సీ-130 విమానాల తోకభాగాలు మన హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయి. ఆ పని చేసే టెక్నీషియన్లను, వైమానిక దళంలో రిటైరైనవాళ్లను ఆదివారాలు రమ్మని అడిగితే కాదనరు. కిట్ ఖర్చు నాలుగైదు కాలేజీలు పంచుకోవచ్చు. మా కాలేజీ యాజమాన్యంతో మాట్లాడే బాధ్యత నాది, మిగతా కాలేజీల అధ్యాపకులు కూడా ముందుకు రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఏరోనాటికల్ అధ్యాపకుడు,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా