మధ్యాహ్న భోజనం దగ్గర జరిగిన గొడవ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మంగళవారం భోజనాల లైనులో ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు కొట్టుకున్న సంగతి ఈపాటికి ఊరంతా తెలుసు. తల పగిలిందని, పోలీసులు వచ్చారని వాట్సాప్‌లో తిరుగుతున్నది నిజం కాదు. ఒకరి చొక్కా చిరిగింది, ఇద్దరి సాంబారూ నేలపాలైంది. "మీ నాయకుడు దొంగ" అని ఒకడంటే "మీవాడు గజదొంగ" అని ఇంకొకడు. వీళ్లకు ఓటు రావాలంటే ఇంకా నాలుగేళ్లు ఆగాలి! బుధవారానికల్లా ఇద్దరూ కలిసి కబడ్డీ ఆడుకున్నారు. పెద్దవాళ్ల ఫోన్లే ఇంకా ఆగలేదు.

మా వాణ్ణి ఆ పార్టీవాళ్ల పిల్లోడి పక్కన కూర్చోబెట్టొద్దని అడిగినవారికి: బెంచీలు పార్టీలవారీగా వేయడం కుదరదండీ, క్షమించాలి. ఫలానా సారుది ఏ పార్టీ అని ఆరా తీసినవారికి: ఆయన లెక్కల సారు. రాత్రి టీవీ ముందు మీరు తిట్టే తిట్లు పొద్దున ప్రార్థనకు ముందే మా దగ్గరికి వచ్చేస్తున్నాయి, అక్షరం పొల్లుపోకుండా. ఇంట్లో రాజకీయాలు మాట్లాడొద్దని నేననను. ఎదుటి పార్టీ చేసిన పనిని ఎంతైనా విమర్శించండి, ఎదురింటివాళ్లను తిట్టడం మాత్రం పిల్లల ముందు వద్దు.

శనివారం చర్చ అంటే నాకెంత పిచ్చో మీకు తెలుసు. అక్కడ ఎవరు ఏ పక్షాన మాట్లాడాలో చీటీ చెబుతుంది, నాన్న చెప్పడు. జవాబిచ్చే ముందు ఎదుటివాళ్ల వాదనను, "అవును, నేనన్నది ఇదే" అని వాళ్లే ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. ఇదే కష్టం, ఇదే అసలు చదువు. పోయిన వారం అంశం: ప్రభుత్వం డబ్బు జనం ఖాతాల్లో వేయాలా, రోడ్లకూ కాలవలకూ పెట్టాలా? ఒక పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చునే ఆయన కూతురికి, ఇంట్లో రోజూ తిట్టే పక్షమే చీటీలో వచ్చింది. ఆ అమ్మాయి మాట్లాడిన తీరుకు నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఎనిమిదో తరగతిలో ఇంకో ఇద్దరున్నారు, వాళ్ల గురించి రాస్తే పేజీ చాలదు.

మన బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టిన బెజవాడ గోపాలరెడ్డి 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయితే, మన నెల్లూరు జిల్లాలోనే అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య అదే శాసనసభలో ప్రతిపక్షాన కూర్చున్నారు. ఒకరు కాంగ్రెస్, ఒకరు కమ్యూనిస్టు. ఈ కథ పిల్లలకు చెబుతూ, సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారని అన్నానో లేదో, వెనక బెంచీలో ఈల! సైకిలు గుర్తు పార్టీ పుట్టింది 1982లో అని, ఆయన తొక్కింది అంతకు ముప్పై ఏళ్ల ముందని వివరించాల్సి వచ్చింది.

మార్కుల కార్డులు సంతకం చేసి సోమవారానికి పంపండి. పదో తరగతి పరీక్ష ఫీజు బాకీ ఉన్నవాళ్లు త్వరపడండి. బ్యాగుల మీద పార్టీ స్టిక్కర్లు ఉంటే మేమే పీకేస్తాం.

ఈ శనివారం మూడు గంటలకు మళ్లీ చర్చ. పెద్దలూ రావచ్చు, చీటీ తీసి మాట్లాడనూవచ్చు. కండువాలు మాత్రం బండి డిక్కీలోనే ఉంచి రండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు