అమ్మకు సీపీకే పరీక్ష రాసిన డాక్టరమ్మగారికి, ఇంకా కొందరికి

నిన్న సాయంత్రం అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పీట మీద నుంచి లేచింది. ఈ మాట ముందు చెప్పేసి, దండాలు పెట్టాల్సిన వాళ్లకు ఒక్కొక్కరికీ పెడతాను.

మొదట జడ వేసుకోబోతే చేతులు పైకి లేవలేదు. తర్వాత కింద కూర్చుంటే లేవడానికి మోకాళ్ల మీద చేతులు ఆన్చి, తలుపు పట్టుకుని తంటాలు. అరవై దాటాయి కదా, మోకాళ్లు అరిగాయేమో అనుకున్నాం. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు బాగా ఎక్కువొచ్చాయి. ఇంకేముంది, లివర్ అన్నారు. రెండు నెలలు లివర్ మాత్రలు, పథ్యం. కారం లేకుండా ముద్ద దిగని మనిషి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంది. మా బంధువు ఒకాయన ఆకు పసరు కూడా తెచ్చాడు, అది వేరే కథ.

మా వీధి చివర క్లినిక్ డాక్టరమ్మగారూ, మీరు పాత రిపోర్టులన్నీ టేబుల్ మీద పరిచి చూశారు. అమ్మను చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నారు. లేవలేకపోయింది. "బిలిరుబిన్, జీజీటీ అనే లివర్ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. ఎక్కువొచ్చిన ఆ రెండు ఎంజైములు లివర్‌లోనే కాదమ్మా, కండరాల్లోనూ ఉంటాయి" అని చీటీ మీద సీపీకే అని రాశారు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము అది; రెండు నెలలుగా ఎవరికీ తట్టని పరీక్ష.

ల్యాబ్ తమ్ముడూ, ఆ రాత్రి తొమ్మిదింటికి నువ్వు ఫోన్ చేయకపోయుంటే మేం రిపోర్టు తీసుకోవడానికి సోమవారం వచ్చేవాళ్లం. అంకె మెషీన్ కొలతకు అందలేదని శాంపిల్ పలచన చేసి మళ్లీ పెట్టావు. 6,840. రెండు వందల లోపు ఉండాల్సింది! ఈ మధ్య తుంటికి ఇంజెక్షన్లు ఏమైనా వేయించారా, బరువు పనులు చేశారా అని కూడా అడిగావు. వాటివల్లా సీపీకే పెరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ అవేమీ చేయలేదు.

హైదరాబాద్‌లో మా పిన్ని కొడుకు తెల్లవారుజామున ఓపీ లైన్లో నిలబడి రుమటాలజీ డాక్టర్‌గారికి చూపించాడు. ఆయన ముందు అమ్మ వేళ్లు చూశారు. చూపుడు వేలి పక్కన చర్మం గరుకెక్కి, చీలికలు పడి ఉంది. మిరపకాయల తొడిమలు తీసి తీసి అలా అయిందని మేం అనుకునేవాళ్లం. దాన్ని 'మెకానిక్ చేతులు' అంటారట, ఈ జబ్బులో ఒక గుర్తు. మయోసైటిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కండరాల మీద దాడి చేయడం. అందులోనూ ఏ రకమో తేల్చడానికి ఆ రక్షణ వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీల ప్యానెల్, అంటే చాలా రకాలను ఒకేసారి వెతికే రక్తపరీక్ష, రాశారు.

ఏఎన్‌ఏ అనే, కణం కేంద్రకం మీద పనిచేసే యాంటీబాడీలను వెతికే పరీక్ష నెగెటివ్ వచ్చేసరికి నేను డీలా పడిపోయాను. కొన్ని యాంటీబాడీలు కణం కేంద్రకంలో కాకుండా, కణం లోపలే దాని చుట్టూ ఉండే ద్రవంలోని ప్రోటీన్ల మీద పనిచేస్తాయని, ఏఎన్‌ఏలో దొరక్కపోవచ్చని ఆయన ఓపిగ్గా చెప్పారు. ప్యానెల్‌లో జో-1 అనే యాంటీబాడీ దగ్గర గీత ముదురుగా వచ్చింది. ఆ పేరు జాన్ అనే ఒక రోగి పేరులోంచి వచ్చిందట. అది విన్నాక ఎందుకో ఆ మనిషికీ దండం పెట్టాలనిపించింది. గీత లేతగా వస్తే ఒక్కోసారి తప్పుడు పాజిటివ్ కావచ్చని, లక్షణాలు కూడా కలిస్తేనే నమ్ముతామని కూడా అన్నారు. జో-1 ఉంటే ఊపిరితిత్తులూ దెబ్బతినొచ్చని వెంటనే సీటీ తీయించారు. కొద్దిగా మొదలైంది, అంతే. దగ్గును ఇన్నాళ్లూ ఏసీ బస్సు మీదకు నెట్టేశాం.

స్టెరాయిడ్లు, దానికి తోడు ఇంకో మందు. ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది, అమ్మ సణుగుడూ పెరిగింది. సీపీకే మాత్రం మూడో నెలకు 410కి దిగింది.

ప్యానెల్ ఖర్చుకు అడక్కుండానే డబ్బు పంపిన మా పదో తరగతి బ్యాచ్ వాళ్లకు వచ్చే నెల నుంచి తిరిగి ఇస్తాను. వద్దనకండి.

ఎదురింటి అత్తయ్యగారూ, మీ ఎత్తు కుర్చీ ఇంకా మా దేవుడి గదిలోనే ఉంది. ఆదివారం తెచ్చిస్తాను.