బకెట్ మూత తీసి చూడు

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఎరువు బకెట్ ఫొటో వచ్చి ఇరవై రోజులైంది, ఆ తర్వాత కబురు లేదు. పనుల్లో ఉండి ఉంటావులే. నేనేమీ అడగను, పాఠాలూ చెప్పను. ఎరువు సంగతి రాద్దామని, అంతే.

ఫొటోలో తొక్కలన్నీ నీళ్లోడుతున్నాయి. కంపు కొడుతోందా? గాలి ఆడకపోతే అంతే. తడి తొక్కలు ఒక వంతు వేస్తే ఎండుటాకులు రెండు మూడు వంతులు పడాలి. అడుగున చిల్లులు పెట్టావా? వారానికోసారి కిందామీదా కలుపు. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. నూనె, మాంసం వెయ్యకు, ఎలుకలొస్తాయి. గ్లౌజులు వేసుకో, నీకసలే గోళ్లు కొరికే అలవాటు.

పిన్ని ఏదో అంది, నువ్వు ఉద్యోగం మానేసి పళ్లతోట పెడతావట. పిన్ని మాటలు తెలిసినవేగా. నేను పట్టించుకోలేదు.

తోటంటే గుర్తొచ్చింది. నువ్వు పుట్టిన ఏడు పెరట్లో జామ మొక్క పెట్టాను. ఇంట్లో చెత్తంతా గుంటలో వేసి, నెల తిరక్కుండానే తవ్వాను. తొక్క తొక్కలాగే ఉంది, ముట్టుకుంటే వేడి. "మాగలేదురా, ఆగు" అన్నారు తాతయ్య. వింటానా? బలమని మొదలు చుట్టూ గుట్టగా పేర్చి నీళ్లు పోశాను. నాలుగో రోజుకి ఆకుల అంచులు మాడాయి. నీళ్లు చాల్లేదేమోనని ఇంకా పోశాను. రెండు వారాలకి మొదలు దగ్గర బెరడు మెత్తబడి, గోటితో గీకితే ఊడొచ్చింది. తాతయ్య ఒక్క మాటా అనలేదు. గుంటలో మిగిలింది మాత్రం మూడు నెలలు బయటికి తియ్యనివ్వలేదు. తీసేసరికి నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసన. ఆ ఎరువుతో పెంచిన రెండో మొక్కే నువ్వెక్కి పడ్డ జామ.

అందుకే మాగనివ్వు. మొదలుకి జానెడు వదిలి, కొమ్మల నీడ అంచున వెయ్యి. తిండి పీల్చే సన్నవేళ్లు అక్కడ ఎక్కువ. అరటి తొక్కల్లో పొటాషియం కాయకి మంచిదే, అదొక్కటే చాలదు. నత్రజని ఎక్కువైతే ఆకులు తప్ప కాయ రాదు. గుడ్డు పెంకులు మెత్తగా పొడి చేసి వెయ్యి.

ఒక్క బకెట్ మాగకముందే తోట అనుకుంటే... సరే, పాఠం చెప్పనన్నాను కదా. మానేశావా లేదా అన్నది మాత్రం చెప్పు. మానేస్తే అద్దె ఎలా? ఇది అమ్మ అడగమంది.

ఆదివారం ఫోన్ చెయ్యి. బకెట్ ఎండలో ఉంటే నీడకి జరుపు. బరువెక్కి ఉంటుంది, ఒక్కదానివే ఎత్తకు.

నాన్న