మా ప్యానెల్ బోర్డును బతికించిన వాళ్లకు కృతజ్ఞతలు

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా షెడ్డులోకి వచ్చినప్పుడు ఆదుకున్న వాళ్ల గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. ఒక వానాకాలం గడిచి, చేసిన పని నిలబడిందని కళ్లతో చూశాకే రాద్దామని ఆగాను. నిలబడింది, అందుకే ఇప్పుడు అందరి ముందూ చెప్తున్నాను.

సింగ్‌నగర్ దాటి నున్న వెళ్లే దారిలో మాది అట్టపెట్టెల యూనిట్. నున్న మార్కెట్‌కు మామిడి పెట్టెలే మా ప్రధాన వ్యాపారం. వరద నీళ్లు షెడ్డులో రోజుల తరబడి కదలకుండా ఉండిపోయాయి, మోటార్లు పూర్తిగా, మెయిన్ ప్యానెల్ (షెడ్డు మొత్తానికి కరెంటు పంచే ఇనుప పెట్టె) సగానికి పైగా మునిగాయి. నీళ్లు తీశాక ప్యానెల్ తలుపు తెరిస్తే కాంటాక్టర్ల (మోటార్లను ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌ల) మీద, బస్‌బార్ల (కరెంటు పంచే రాగి పట్టీల) మధ్య అంతా ఒండ్రు. తడిసిన అట్ట ఎలాగూ పోయిందని అందరం ఒప్పుకున్నాం, కానీ కరెంటు సామాను మాత్రం ఎండితే మళ్లీ పనిచేస్తుందని ఆశ.

ఆ ఆశ మీద మమ్మల్ని స్విచ్ వెయ్యనివ్వని సార్‌కు మొదటి నమస్కారం. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో రిటైరైన ఇంజినీర్ ఆయన, మాకు చుట్టం కాదు, రూపాయి తీసుకోలేదు. లైన్ వచ్చిన రోజు ‘ఒక్కసారి వేసి చూద్దాం’ అని ఎవరో అంటే, మెయిన్ ఫ్యూజులు తీయించి తన సంచీలో పెట్టుకున్నారు. పైకి పొడిగా కనిపించినా బ్రేకర్ (షార్ట్ అయితే తనంతట తనే ట్రిప్ అయి కరెంటు తెంచే స్విచ్) లోపల స్ప్రింగుల్లో, కాంటాక్టుల్లో బురద ఉండిపోతుందట. అలాంటి బ్రేకర్ ఆన్ అవుతుంది, లోడ్ కూడా లాగుతుంది, కానీ షార్ట్ అయిన రోజు ట్రిప్ అవుతుందన్న నమ్మకం ఉండదు, పనివాళ్ల ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే అన్నారు. కెపాసిటర్లలో, డ్రైవ్‌లో (మోటారు వేగం మార్చే పరికరం) కరెంటు తీసేశాక కూడా చార్జ్ నిలిచి ఉంటుంది కాబట్టి అది పోయిందని మీటర్‌తో చూసేదాకా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు.

ఆ తర్వాత నేల మీద పట్టా పరిచి సామాను రెండు కుప్పలు చేశారు. మునిగిన ఎమ్‌సీసీబీలు, ఎమ్‌సీబీలు (పెద్ద, చిన్న బ్రేకర్లు), ఫ్యూజులు, కాంటాక్టర్లు, ఓవర్‌లోడ్ రిలేలు, కెపాసిటర్లు, డ్రైవ్ ఒక కుప్ప, అంటే పారేసేవి. నాకు కడుపు తరుక్కుపోయింది కానీ ఆయన ఒక్కదాన్ని కూడా అటునుంచి ఇటు మార్చలేదు. ప్యానెల్ బాడీ, రాగి బస్‌బార్లు, మోటార్లు బతుకుతాయన్నారు. కేబుళ్ల చివర్లు మాత్రం వెనక్కి కోసి కొత్త లగ్గులు (తీగ చివర బిగించే లోహపు కొసలు) వేయించారు, తీగపోగుల మధ్యగా నీరు లోపలికి పాకుతుంది కాబట్టి. బురద ఎండి గట్టిపడకముందే మంచినీళ్లతో కడగాలంటే, సొంత ఇళ్లు మునిగి ఉన్నా మా దగ్గర పనిచేసే అక్కలు వచ్చి పళ్లు తోమే బ్రష్షులతో ఒక్కో ముక్కా కడిగారు. వాళ్ల రుణం ఎలా తీర్చుకోవాలో నాకు నిజంగా తెలియదు.

ఆటోనగర్‌లో మోటార్లకు తీగ కొత్తగా చుట్టే రీవైండింగ్ షాపు బాబాయ్ గురించి చెప్పాలి. ఆ వారాల్లో ఊరంతా తడిసిన మోటార్లే, ‘అన్నీ రీవైండింగే’ అని ఉంటే మేం మారుమాట లేకుండా డబ్బు కట్టేవాళ్లం. ఆయన అన్నీ విప్పి, కడిగి, ఓవెన్‌లో మెల్లగా ఆరబెట్టి (ఒక్కసారిగా వేడి పెంచితే లోపలి తడి ఆవిరై ఇన్సులేషన్‌ను పగలగొడుతుందట), 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటర్) పెట్టి చూసి, 5 మెగా ఓమ్‌లు దాటి రీడింగ్ కదలకుండా నిలిచాకే వార్నిష్ వేసి, కొత్త బేరింగులతో ఇచ్చారు. ఒక్క మోటారుకే రీవైండింగ్ పడింది. నిజాయితీగల మనిషి అంటే నాకు ఇకమీదట గుర్తొచ్చేది ఆయనే.

మూడో మనిషి మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు. సంక్రాంతి ముందు మంచు రోజుల్లో, చుక్క వాన లేకుండానే బాగుచేసిన ప్యానెల్ లోపల పైరేకుకు నీటి బొట్లు, లగ్గుల మీద పచ్చటి తుప్పు కనిపించాయి. అందరం పైకప్పు కారుతోందనుకున్నాం. అతను మాత్రం బయటి కేబుల్ ట్రెంచ్ నుంచి వచ్చే పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టి చూసి, తేమ గాలి ఇటునుంచే వస్తోంది, రాత్రి రేకు చల్లబడగానే నీరవుతోంది అన్నాడు. పైపు మూతి మూశాడు, పైనుంచి దిగే కేబుళ్లను కింది గ్లాండ్ ప్లేట్‌లోకి (కేబుళ్లను గ్లాండ్ అనే బిగింపు మూతులతో లోపలికి తెచ్చే అడుగు రేకు) మార్చాడు, ప్రతి కేబుల్‌నూ గ్లాండ్ కంటే కిందికి వంచి పైకి తెచ్చాడు, అలా ఉంటే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. వాడని రంధ్రాలకు ప్లగ్గులు పెట్టాడు. లోపల తేమను బట్టి పనిచేసే చిన్న హీటర్ పెట్టి దానికి విడిగా సప్లై ఇచ్చాడు, ఎందుకంటే ఆదివారం మెయిన్ ఆపినప్పుడే ప్యానెల్ ఎక్కువ చల్లబడుతుంది. అడుగున డ్రెయిన్ ప్లగ్ కూడా పెట్టాడు. అన్నిచోట్లా సిలికాన్ పూసేస్తే లోపలికి చేరిన తడి పోవడానికి దారి ఉండదని అతని మాట, అది నూటికి నూరుపాళ్లు నిజం.

ఐపీ 65 (దుమ్మును, నీళ్లను ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్) పెట్టె కొంటే వరదకు కూడా భయం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అది పైపుతో కొట్టే నీళ్లను ఆపుతుంది, మునగడానికి కాదు. ఐపీ 67 అయినా మీటరు లోతులో అరగంటకే పరీక్షిస్తారు, మన దగ్గర బుడమేరు నీళ్లు రోజులు ఉన్నాయి. పైగా ఆ పెట్టెకు మనం ఒక్క రంధ్రం వేసి సరిగా మూయకపోతే ఆ రేటింగ్ పోయినట్టే. అందుకే సార్ చెప్పినట్టు, గోడ మీది వరద గుర్తు కంటే ఎత్తులో ఇనుప ప్లాట్‌ఫాం కట్టి, మెట్లు పెట్టి, ప్యానెల్‌ను దాని మీదికి ఎక్కించాం. ఖర్చయింది, కానీ ఈ వానలకు నాకు నిద్ర పట్టింది.

తర్వాతి మామిడి సీజన్‌కు పెట్టెలు ఆలస్యమైనా ఇంకొకరి దగ్గరికి వెళ్లని వ్యాపారులకు, జనరేటర్ ఇచ్చిన పక్క షెడ్డు అన్నకు కూడా దండాలు. మేం సొంతంగా మెగ్గర్ ఒకటి కొన్నాం. నున్న, పాయకాపురం వైపు ఎవరికి అవసరమైనా వచ్చి తీసుకెళ్లండి, వాడటం రాకపోతే మా తమ్ముడు వచ్చి చూపిస్తాడు. డ్రైవ్ వైర్లు విప్పకుండా మాత్రం మెగ్గర్ పెట్టకండి, డ్రైవ్ పోతుంది.