మేస్ట్రో పేరు కూడా సరిగా వేయలేకపోయారు

సంపాదకులు గారికి,

నమస్కారములు. రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో కెనడా ర్యాప్ గాయకుడు డ్రేక్ మీద పూర్తి పేజీ వ్యాసం వచ్చింది. తెనాలిలో ఉంటున్న మా అన్నయ్య అది చదివి, "ఒరేయ్, మీ ఊరివాడి గురించి వేశారురా, చూశావా?" అని ఫోన్ చేస్తే, ఇక్కడ టొరంటోలోని స్కార్‌బరోలో రాత్రి పదకొండు గంటలకు కూర్చుని మీ ఈ-పేపర్లో ఆసాంతం చదివాను. మర్నాడే ఉత్తరం రాయబోయి, పొరపాటు తెలిసి మీరే సవరణ వేస్తారేమోనని ఆగాను. రెండు ఆదివారాలు గడిచాయి. రాశిఫలాలు క్రమం తప్పకుండా వచ్చాయి గానీ సవరణ రాలేదు.

కెనడాలో ర్యాప్ 2009లో డ్రేక్‌తోనే పుట్టిందనీ, అంతకుముందు ఆ దేశంలో మంచూ హాకీ తప్ప చెప్పుకోదగ్గ చప్పుడే లేదనీ అర్థం వచ్చేలా మీ వ్యాసకర్త రాశారు. పైగా చివరి పేరాలో, ఎవరో గుర్తుచేస్తే ఇరికించినట్టుగా, "ఫ్రెష్ వెస్ట్ అనే పాతతరం అమెరికన్ గాయకుడు" అని ఒక ముక్క పడేశారు. ఆయన పేరు వెస్, వెస్ట్ కాదు. అసలు పేరు వెస్లీ విలియమ్స్, జనం నోట మేస్ట్రో ఫ్రెష్ వెస్. అమెరికన్ అసలే కాదు, దక్షిణ అమెరికాలోని గయానా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు 1968లో పుట్టి టొరంటోలో పెరిగిన మనిషి. ఒక్క వాక్యంలో రెండు తప్పులు దొర్లించడం కూడా ఒక నైపుణ్యమే అనుకోవాలి.

నేను ఈ దేశానికి 1988లో వచ్చాను. ఒక ప్లాస్టిక్ సామాన్ల కర్మాగారంలో రాత్రి షిఫ్టు. నా పక్క యంత్రం మీద పనిచేసే ఆయన గయానావాడు, వాళ్ళ ముత్తాతలు చెరుకు తోటల్లో కూలికి మద్రాసు నుంచి ఓడెక్కినవాళ్ళు. ఆ ఓడల్లో తమిళులతోపాటు మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారన్న సంగతి ఆయన చెప్పేదాకా నాకూ తెలియదు. 1990 చలికాలంలో ఒక రాత్రి, అన్నాలు తినే గదిలో నేను పులిహోర డబ్బా మూత తీస్తుండగా, బ్యాటరీల మూత ఊడిపోయి టేపుతో అంటించిన ఒక చిన్న క్యాసెట్ రికార్డరును బల్ల మీద పెట్టి, "మా గయానా వాళ్ళ పిల్లవాడు, వినండి" అన్నాడు. క్యాసెట్ అట్ట మీద ఒక కుర్రాడు నల్ల సూటూ, మెడకు బో టైతో పెళ్ళిపందిట్లోకి నడిచివస్తున్నట్టున్నాడు. ర్యాపర్లంటే లావుపాటి బంగారు గొలుసులు, ఆటల బూట్లు అనుకునే రోజులవి. నాకు ఘంటసాల పద్యాలు తప్ప వేరే సంగీతం తెలియదు, పాటలో సగం మాటలు అర్థమూ కాలేదు. అయినా ప్రాస, యతి చెవికి అలవాటైనవాడికి, ఈ మనిషి మాటను ఎక్కడ ఆపి ఎక్కడ జారవిడుస్తున్నాడో పట్టుకోవడానికి ఇంగ్లీషు పాండిత్యం అక్కరలేదు.

ఆ పాట "లెట్ యువర్ బ్యాక్‌బోన్ స్లైడ్". 1989లో వచ్చింది. అప్పటికి డ్రేక్ మూడేళ్ళ పిల్లవాడు. కెనడాలో భారీ అమ్మకాలకిచ్చే గోల్డ్ గుర్తింపు పొందిన మొదటి ర్యాప్ సింగిల్, అంటే విడిగా అమ్మే ఒక్క పాట, అదే. 2008 దాకా, అంటే ఇంచుమించు రెండు దశాబ్దాలు, అమ్మకాల్లో దాన్ని మించిన కెనడా ర్యాప్ సింగిల్ మరొకటి రాలేదు. అది ఉన్న ఆల్బమ్ "సింఫనీ ఇన్ ఎఫెక్ట్" లక్ష కాపీలు దాటి, గోల్డ్‌కు పైమెట్టయిన ప్లాటినం అయింది. 1991లో కెనడా సంగీత పురస్కారాలైన జూనోల్లో మొట్టమొదటిసారి ర్యాప్‌కు ఒక విభాగం పెడితే, ఆ మొదటి బహుమతి దానికే దక్కింది. ఇవేవీ తాళపత్రాల్లో దాగిన రహస్యాలు కావు, వెతికితే పావుగంటలో దొరికే వివరాలు.

ఆ మనిషి ఒక్కరోజులో ఊడిపడలేదన్నది కూడా చెప్పాలి. 1983 నాటికే, పదిహేనేళ్ళ వయసులో, మెలొడీ ఎంసీ అన్న పేరుతో ఎబొనీ ఎంసీ అనే మిత్రుడిని కలుపుకుని పాడేవాడు. వీళ్ళ గొంతు బయటికి వినిపించిన చోటు టొరంటోలోని రైయర్సన్ విద్యాసంస్థ విద్యార్థుల రేడియో సీకేఎల్ఎన్, అందులో రాన్ నెల్సన్ శనివారాల్లో నడిపిన కార్యక్రమం. పెద్ద స్టేషన్లు ఈ పాటలకు తలుపులు తీయలేదు. నల్లజాతి సంగీతం కావాలంటే టొరంటో కుర్రాళ్ళు సరస్సుకు ఆవలి ఒడ్డునున్న బఫెలో స్టేషన్ డబ్ల్యూబీఎల్‌కే కోసం ఏరియల్ తిప్పుకుంటూ కూర్చునేవారు. ఇక్కడివాడు ఇంత పాడినా చివరికి చేరదీసింది న్యూయార్క్‌లోని ఒక చిన్న రికార్డు కంపెనీ. ఇంటి చెట్టు మందుకు పనికిరాదన్న మాట మనకే కాదు, వీళ్ళకూ వర్తించింది.

ఇక అధికారుల ఘనత. కెనడా రేడియోల్లో వేసే పాటల్లో ఇంత శాతం స్వదేశీవి ఉండి తీరాలని 1971 నుంచీ నిబంధన ఉంది. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. కానీ ఆ స్వదేశీ పాట ర్యాప్ అయినప్పుడు వేసే స్టేషన్ ఏది? నల్లజాతి సంగీతానికి ఒక ఎఫ్ఎం స్టేషన్ పెట్టుకుంటామని డెనమ్ జాలీ నాయకత్వంలో మైల్‌స్టోన్ సంస్థ దరఖాస్తు పెట్టుకుంటే, ప్రసారాల నియంత్రణ సంఘమైన సీఆర్‌టీసీ 1990లో దాన్ని తోసిపుచ్చి ఆ తరంగాన్ని అమెరికా పల్లెపాటలైన కంట్రీ సంగీతం వాళ్ళకిచ్చింది. మేస్ట్రో పాట ఊరంతా మారుమోగుతున్న రోజుల్లోనే, ఈ నగరానికి గుర్రాల మీద తిరిగేవాళ్ళ పాటలే ఎక్కువ అవసరమని ఆ పెద్దలకు తోచింది. 1997లో మళ్ళీ అడిగితే మళ్ళీ కాదన్నారు, ఈసారి తరంగం ప్రభుత్వ రేడియో సీబీసీకి వెళ్ళింది. మూడోసారి 2000లో సరేనన్నారు, 2001లో ఫ్లో 93.5 మొదలైంది. మొదటి పాట హిట్టయిన పన్నెండేళ్ళకు దాన్ని వేసే స్టేషన్ వచ్చిందన్నమాట! మన ఊళ్ళో పెళ్ళయి పిల్లలు బడికి వెళుతున్న వేళ రేషన్ కార్డులో కోడలి పేరు చేరినట్టుంది వ్యవహారం.

ఆ స్టేషన్ రాకముందే మేస్ట్రో న్యూయార్క్ వెళ్ళి, అక్కడే ఉండి అదృష్టం పరీక్షించుకున్నాడు. 1994లో తెచ్చిన ఆల్బమ్‌కు "ఛ, వీడు కెనడావాడై ఉండడు" అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అక్కడివాళ్ళు మొహం మీద అనే మాటను తానే అట్ట మీద అచ్చువేసుకున్నాడన్నమాట. అది అమ్ముడుపోలేదు. తిరిగి టొరంటో వచ్చి 1998లో, విన్నిపెగ్‌కు చెందిన గెస్ హూ అనే రాక్ బృందం పాత పాటలోని ఒక బాణీ తీసుకుని "స్టిక్ టు యువర్ విజన్" చేశాడు. అమెరికాలో పేరు రాలేదని కుంగకుండా, కెనడా ముసలివాళ్ళకు సైతం కంఠతా వచ్చిన రాగం మీద తన మాట కూర్చిన ఆ తెలివి నాకు మొదటి పాటకన్నా గొప్పగా కనిపిస్తుంది. మా గయానా మిత్రుడు దీనికి ఒప్పుకోడు, మొదటి పాటే పాట అంటాడు.

అదే 1998లో మరో ముచ్చట. జూనో ర్యాప్ బహుమతి వాంకూవర్‌కు చెందిన రాస్కల్జ్ బృందానికి ప్రకటించారు. కానీ టీవీలో చూపించే వేడుకలో కాదు, కెమెరాలు లేని వేళ విడిగా ఇచ్చారు. మాకొద్దని వాళ్ళు తిప్పికొట్టారు. మరుసటి ఏడాదికల్లా అదే బృందం తోటి ర్యాపర్లతో కలిసి "నార్తర్న్ టచ్" పాటను టీవీ ప్రసారంలోనే పాడింది, బహుమతీ పట్టుకెళ్ళింది. విస్తరి వేసి వడ్డించడం మరిచిపోయినవాళ్ళకు, లేచి వెళ్ళిపోతే తప్ప గుర్తురాలేదు.

ఇంతచేసీ మేస్ట్రోను కెనడా సంగీత కీర్తి మందిరంలోకి తీసుకున్నది 2024 మార్చిలో, హాలిఫాక్స్ జూనో వేడుకలో. ఆ మందిరంలో అడుగుపెట్టిన మొదటి ర్యాప్ కళాకారుడు ఆయనే. పాట వచ్చిన ముప్పై అయిదేళ్ళకు! ఈలోగా ఆయన 2012 నుంచి 2018 దాకా సీబీసీ హాస్య ధారావాహిక "మిస్టర్ డీ"లో పాల్ డ్వయర్ పాత్ర వేశాడు. మా పిల్లలకు ఆయన ఆ పాత్రగానే తెలుసు, ర్యాప్ పాడేవాడని నేను చెబితే నవ్వారు. పిల్లలకు తెలియకపోతే చెప్పుకోవచ్చు. పేజీ నింపి డబ్బు పుచ్చుకునే పత్రికకు తెలియకపోతే ఎవరితో చెప్పుకోవాలి?

డ్రేక్ మీద నాకే కోపమూ లేదు. మెంఫిస్ డ్రమ్మర్ కొడుకు, 2001లో మొదలైన "డిగ్రాసీ" ధారావాహికలో, కథ నడుమ చక్రాల కుర్చీ పాలయ్యే కుర్రాడిగా కనిపించినవాడు, 2009లో "సో ఫార్ గాన్" అనే పాటల సంకలనంతో (వీళ్ళు మిక్స్‌టేపు అంటారు) లోకం చూపు టొరంటో వైపు తిప్పాడు. అది చిన్న సంగతి కాదు. కానీ మీ వ్యాసంలో మూడు వంతులు ఆయన భవంతి, ఆయన కార్లు, అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లమార్‌తో గొడవ. పాట ఎలా కడతాడన్నదాని మీద ఒక్క వాక్యం లేదు. బొమ్మల కింద వ్యాఖ్యలు చూస్తే, ఎక్కడో ఇంగ్లీషులో వచ్చిన ముక్కల్ని యంత్రంతో తెలుగులోకి దించి, మనిషి కన్ను పడకుండానే అచ్చుకు పంపినట్టుంది. ఒకప్పుడు మీ పత్రికలో తెనాలి మునిసిపల్ ఎన్నికల్లో ఒక అభ్యర్థి ఇంటిపేరు తప్పుపడితే మరునాడు మొదటి పేజీలోనే "విచారిస్తున్నాము" అని వేశారు. అది చదివి మా నాన్నగారు, "వీళ్ళు పత్రిక నడుపుతున్నార్రా" అన్న సంగతి నాకు గుర్తుంది. ఆ ప్రూఫ్ రీడర్లందరినీ ఏం చేశారు?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. అదే ఆదివారం అనుబంధంలో, అదే పేజీలో, సినిమా ప్రకటనల కింద చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, ఆయన పేరు వెస్ అనీ, ఆయన టొరంటోవాడనీ, డ్రేక్‌కు ఇరవై ఏళ్ళ ముందే కెనడాలో ర్యాప్ పాడి లక్ష కాపీలు అమ్మాడనీ మూడు వాక్యాలు వేయండి. ఏ ఆదివారం వేస్తారో ముందుగా తెలియజేస్తే మా అన్నయ్య రెండు ప్రతులు కొని ఉంచుతానన్నాడు. ఒకటి నాకు. రెండోది గయానా మిత్రుడికి, ఆయన తెలుగు చదవలేడు గానీ ఆ అక్షరాల్లో మేస్ట్రో పేరు ఎలా ఉంటుందో చూడాలని అడిగాడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
స్కార్‌బరో, టొరంటో