‘అతి పెద్ద ప్రధాన సంఖ్య ఏది?’ అని పిల్లల్ని అడగకండి

సంపాదకుడి గారికి నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్‌ని. మొన్న ఎనిమిదో తరగతి పిల్లాడొకడు జీకే పుస్తకం పట్టుకొచ్చాడు. ‘ప్రపంచంలో అతి పెద్ద ప్రధాన సంఖ్య (1తోనూ తనతోనూ తప్ప దేంతోనూ శేషం లేకుండా భాగించలేనిది) ఏది?’ అని ప్రశ్న, కింద నాలుగు ఆప్షన్లు. జవాబుగా ఇచ్చింది 2018లో దొరికిన సంఖ్య. ‘‘దీని తర్వాత ఇంకేం ఉండవా టీచర్?’’ అన్నాడు. జవాబు పాతబడితే సరిదిద్దుకోవచ్చు. అసలు ప్రశ్నే తప్పుగా ఉందని నా బాధ.

2024 అక్టోబరులో అంతకంటే పెద్దది దొరికింది. 13,62,79,841 రెండ్లను గుణించి, అందులోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య అది. ఇలాంటి పెద్ద ప్రధాన సంఖ్యల్ని కంప్యూటర్లతో వెతికే గింప్స్ అనే వాలంటీర్ల ప్రాజెక్టులో అమెరికాకు చెందిన ల్యూక్ డ్యూరాంట్ కనిపెట్టారు. దాంట్లో 4,10,24,320 అంకెలున్నాయి. పేజీకి 5 వేల అంకెల చొప్పున అచ్చేసినా 8 వేల పేజీలు దాటుతుంది. అయినా దాని చివరి అంకె మా పిల్లలు బోర్డు మీద తేల్చేశారు. 2 ఘాతాల (2ని పదే పదే 2తో గుణిస్తే వచ్చే సంఖ్యల) చివర 2, 4, 8, 6 వరసగా తిరుగుతుంటాయి. ఘాతాంకాన్ని, అంటే ఎన్ని రెండ్లు గుణించామో ఆ 13,62,79,841ని, 4తో భాగిస్తే శేషం 1, అంటే చివర 2. ఒకటి తీసేస్తే 1.

ఇక ‘అతి పెద్దది’ సంగతి. 13తో ప్రధాన సంఖ్యలు అయిపోయాయి అనుకోమన్నాను. 2, 3, 5, 7, 11, 13 అన్నీ గుణించి 1 కలిపితే 30,031. ఆ ఆరింటిలో దేంతో భాగించినా 1 మిగులుతుంది. ‘‘అయితే ఇదే ప్రధాన సంఖ్య టీచర్!’’ అని ఓ అమ్మాయి ఎగిరింది. చూడండమ్మా అన్నాను. 17, 19, 23 అంటూ క్లాసంతా భాగించుకుంటూ పోయింది. 59 దగ్గర తెగింది: 59 × 509. రెండూ ప్రధాన సంఖ్యలే, రెండూ 13 కంటే పెద్దవే. ఎక్కడ ఆపినా ఇంతే, దాన్ని మించింది ఒకటి ఉండి తీరుతుంది. గ్రీకు గణిత శాస్త్రజ్ఞుడు యూక్లిడ్ 2,300 ఏళ్ల కిందటే చెప్పిన ఈ మాట పిల్లలకు ఒక్క పీరియడ్‌లో అర్థమైంది.

ఇంకో సంగతి. ఒకటి కంటే పెద్దదైన ఏ సంఖ్యకైనా, దాని రెట్టింపుకూ మధ్య కనీసం ఒక ప్రధాన సంఖ్య ఉంటుందని రష్యా గణిత శాస్త్రజ్ఞుడు చెబిషెవ్ 19వ శతాబ్దంలోనే నిరూపించాడు. 2018లో దొరికినదాన్ని 5 కోట్లసార్లు రెట్టింపు చేసుకుంటూ పోయినా 2024లో దొరికినదాన్ని చేరుకోలేం; ఒక్కో రెట్టింపుకు ఒకటి చొప్పున, ఆ లెక్కన ఆ రెండింటి మధ్య తక్కువలో తక్కువ 5 కోట్ల ప్రధాన సంఖ్యలున్నాయి. వాటిని వదిలేసి ఇది ముందు దొరకడానికి కారణం, 2 ఘాతంలోంచి 1 తీసేసిన సంఖ్యలను పరీక్షించడానికి లూకాస్-లేమర్ అనే తేలిక పద్ధతి ఉండటమే.

పుస్తకాలు వేసేవాళ్లనీ, ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లనీ కోరేది ఒక్కటే. ఆ ప్రశ్నకు ముందు ‘ఇప్పటివరకు తెలిసినవాటిలో’ అని చేర్చండి. మీ విద్యా పేజీలో కూడా ఈ మాట వాడితే మా క్లాసు గోడకు అంటిస్తాను.

— ఒక గణిత ఉపాధ్యాయురాలు, తెనాలి